పావు చుట్టు బిర్రు

మా అక్క కూతురు సముద్రం మీద నాలుగు గంటల ఇరవై నిమిషాలు తేలుతూ ఉండిపోయిన సంగతి మాకు పదకొండు రోజుల తర్వాత తెలిసింది. అదీ ఫోన్లో, నవ్వుతూ, మధ్యలో ఏం కూర చేశారని అడుగుతూ చెప్పింది. ఆళ్లగడ్డలో అక్క, నంద్యాలలో నేను, దీవుల్లో అది, ముగ్గురం ఒకే కాల్లో ఉన్నాం. అక్క చేతిలోంచి ఫోన్ జారి బండల మీద పడిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.

ఆరేళ్లుగా అది అండమాన్‌లో పని చేస్తోంది. వీపుకు గాలి సిలిండర్ కట్టుకొని, చూడవచ్చినవాళ్లను సముద్రం కిందికి తీసుకుపోయి, పగడాలూ చేపలూ చూపించి, క్షేమంగా పైకి తేవడం దాని ఉద్యోగం. ఆ రోజు ఒక పెద్దావిడను తీసుకొని దిగింది. అడుగున నీటి లాగుడు ఎక్కువై ఇద్దరూ పక్కకు కొట్టుకుపోయారు. పైకి తేలేసరికి పడవ దూరంగా చుక్కలా ఉంది. అలలు తలకంటే ఎత్తుగా లేస్తుంటే నీళ్లలో ఉన్న తలకాయ పడవలోవాళ్లకు కనిపించదు. చివరికి చేపలవాళ్లు ఎవరో చూసి ఎక్కించుకున్నారు.

"లాగుడు ఎంతుంటాది?" అని అడిగాను. నాకు అలాంటివే నోటికొస్తాయి.

"సెకనుకు అర మీటరుంటాది మామా."

క్యాలెండరు కాగితం వెనక రాసి చూశాను. నాలుగు గంటల ఇరవై నిమిషాలంటే పదిహేను వేల ఆరు వందల సెకన్లు. సగం చేస్తే ఏడు వేల ఎనిమిది వందల మీటర్లు. దాదాపు ఎనిమిది కిలోమీటర్లు ఆ పిల్ల ఎవరికీ కనపడకుండా కొట్టుకుపోయింది. ఆ అంకె చూశాక పెన్ను కదలలేదు. దించేటప్పుడు తాడు తెగిన మోటారు కూడా బోరులో కిందికే పోతుంది, పక్కకు పోదు. పక్కకు పోయేదాన్ని వెతకడం ఎలాగో నా బుర్రకు తట్టలేదు.

నాకు పదో తరగతితో చదువు ఆగిపోయింది. నంద్యాలలో బోరు మోటార్లు దించడం, ఎత్తడం, బాగుచేయడం నా పని. ఎంత లోతుకు ఎంత ఒత్తిడి, ఏ పైపు ఎంత బరువు ఓరుస్తుంది, ఇవన్నీ పాత క్యాటలాగులు చూసి, తప్పులు చేసి నేర్చుకున్నాను. నేను వేసిన లెక్క తప్పని ఎవరైనా అంటే ఊరుకోను. మళ్లీ వేసి చూపిస్తాను.

వానాకాలంలో సముద్రం మీద వాళ్లకు పని తక్కువ. అది ఇంటికొచ్చింది. నేను ఆదివారం బస్సెక్కి ఆళ్లగడ్డ పోయేసరికి తల్లీకూతుళ్ల మధ్య మాట మొదలై చాలా దూరం వచ్చేసింది.

"ఇంగ పోయేది ల్యా. ఈడే ఉండు," అంటోంది అక్క.

"ఈడుండి ఏం చేయాల? నాయనతో పాటు రాళ్లు కొట్టాల్నా?"

"కొట్టు. రాయి నిన్ను యాడికీ ఈడ్చుకపోదు."

మా బావ రాతి శిల్పాలు చెక్కుతాడు. గడ్డం మీద రాతిపొడితోనే అన్నానికి కూర్చున్నాడు. నవ్వు వచ్చినా అక్క ముఖం చూసి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

అప్పుడు మేనకోడలు ఒక పరికరం గురించి చెప్పింది. సబ్బుపెట్టె అంత ఉంటుందట. మూత తీసి, చిన్న ఏంటెనా నిలబెట్టి, బటన్ నొక్కితే మనిషి ఎక్కడున్నదీ ఉపగ్రహానికి తెలుస్తుంది. అక్కణ్నుంచి వెతికేవాళ్లకు తెలుస్తుంది. అయితే ఆ సంకేతం నీళ్లలోంచి పోదు. మనిషి పైకి తేలాక, గాల్లో పెట్టి నొక్కాలి.

"ఆ పొద్దు నీ దగ్గర అది ల్యాదా?" అంది అక్క.

"ల్యాదు," అంది అది, పప్పు కలుపుకుంటూ.

"నీళ్లు తగిలితే చెడిపోతాదా?"

"పైపైన తడిస్తే ఏం కాదు. నేను దిగేంత లోతుకు తట్టుకోదు. దానికోసరం గట్టి డబ్బా ఉంటాది. డబ్బాలో పెట్టి నడుముకు కట్టుకోని దిగాల."

"అట్లయితే ఆ డబ్బా మీ మామ చేస్తాడు. దాంట్లోకి చుక్క నీళ్లు పోకూడదు. పోలేదని నాకు చూపించినాక పోదువు."

"కొనేటివి ఉంటాయి మా…"

"కొనేటివి నాకు తెలీదు. మీ మామ దించిన మోటర్లు పదేండ్లు నీళ్లలో ఉంటాండాయి."

మేనకోడలు నా వైపు చూసింది. ఏదో అనబోయి మానుకుంది. నేను దాన్ని పట్టించుకోలేదు. అక్క నోట అలాంటి మాట వినడం నాకు అరుదు. ఎంత లోతుకు దిగుతావని అప్పుడే మొదలుపెట్టాను.

నలభై మీటర్లు అంది. పది మీటర్లకు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో చొప్పున నలభైకి నాలుగు కిలోలు. డబ్బా నోరు అడ్డంగా తొమ్మిది సెంటీమీటర్లు అనుకుంటే మూత వైశాల్యం అరవై మూడున్నర. అంటే మూత మీద రెండు వందల యాభై నాలుగు కిలోల బరువు. అయిదున్నర యూరియా బస్తాలు ఒక్క అరచేతంత మూత మీద పెట్టినట్టు. అంకె చెప్పగానే బావ తినడం ఆపి, "అంత బరువు కింద మన పాప ఊపిరి తీసుకుంటాదా?" అన్నాడు. ఒంటికి చుట్టూ అన్ని వైపులా అదే ఒత్తిడి ఉంటుంది గనక తెలియదని నేను చెప్పాను.

నంద్యాల పోయి, మందమైన కేసింగు పైపు ముక్క ఒకటి ఏరాను. ఒక వైపు మూసేసి, రెండో వైపు లేతు మీద సన్నటి మర తిప్పించాను. మూతలో గాడి కోయించి రబ్బరు రింగు వేశాను. లోపల తెల్ల కాగితం చుట్టలో పిడికెడు పొడి ఉప్పు పెట్టాను. చుక్క చెమ్మ తగిలినా ఉప్పు చెబుతుంది. మూత చేత్తో బిగించి, ఆ తర్వాత పైపు రెంచి వేసి ఇంకో పావు చుట్టు తిప్పాను. నీళ్లలోకి పోయే ఏ జాయింటుకైనా నేను చేసేది అదే. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లందరికీ చెప్పేదీ అదే.

తెలిసినాయన పొలంలో వాడకుండా వదిలేసిన బోరు ఒకటి ఉంది. డబ్బాకు ఇనుప గుండు కట్టి, తాడు కొలిచి, నీటిమట్టం కింద ఎనభై మీటర్లకు దించాను. అవసరానికి రెట్టింపు లోతు. ఒక పగలూ ఒక రాత్రీ వదిలేశాను. ఎత్తాక షాపుకు తెచ్చి, బెంచీ మీది వైసు దవడల మధ్య బిగించి, రెంచి వేసి, ఒళ్లంతా బరువు మోపి తిప్పితే మూత వచ్చింది. ఉప్పు గలగలమంది. కాగితం ఫెళఫెళలాడింది. ఎంత బిర్రుగా ఉందో చూడండని పక్క షాపు ఆయన్ను పిలిచి మరీ చూపించాను.

ఆ పొద్దు నేను ఎన్ని అంకెలు వేశానో లెక్కే లేదు. ఒక్క అంకె మాత్రం వేయలేదు.

తర్వాతి ఆదివారం డబ్బా తీసుకొని ఆళ్లగడ్డ పోయాను. ఉప్పునూ కాగితాన్నీ అక్క అరచేతిలో పోశాను. ఆమె వేలితో నలిపి, నాలుకకు అద్దుకొని, "ఆఁ," అంది. అంతకు మించి మెచ్చుకోవడం ఆమెకు రాదు.

మేనకోడలు డబ్బాను తిప్పి తిప్పి చూసింది. "మామా, బావి కాడికి పోదాం. నీళ్లలో ఉండి ఒకతూరి తీసి చూస్తా."

"దేనికి? బోరులో చూసినా కదా."

"బోరులో డబ్బా ఉండె. నేను లేను."

ఊరి బయట, కె.సి. కాలువ ఆయకట్టులో బావ వాళ్ల అన్నదమ్ములదొక దిగుడు బావి ఉంది. కాలువ పారుతుండడంతో నిండుగా ఉంది. మేమిద్దరమే పోయాం. పరికరం బదులు అంతే ఉన్న కొయ్యముక్కను లోపల పెట్టి, మూత నేనే బిగించాను. సంచిలో రెంచి వెంట తెచ్చుకున్నాను. నేను దాన్ని తిప్పుతుంటే అది నా చేతుల వంకే చూస్తూ నిలబడింది. తేల్చే జాకెట్టు వేసుకొని, డబ్బా నడుముకు కట్టుకొని, మెట్ల మీంచి బావి మధ్యకు ఈదింది. నేను వాచీ చూశాను.

ముందు నవ్వుతూనే మొదలుపెట్టింది. "మామా, ఏమి పట్టు పట్టినావప్పా!" అని అరిచింది. ఒక నిమిషం. డబ్బాను పొట్టకు ఆనించుకొని తిప్పింది. మూత కాక, తానే బావిలో గుండ్రంగా తిరిగింది. నీళ్లలో కాళ్లు ఆనించుకోవడానికి ఏమీ ఉండదని నాకు అప్పుడు తట్టింది. రెండు నిమిషాలు. మోకాళ్ల మధ్య ఇరికించుకుంది. తల నీళ్లలోకి పోయింది. పైకి వచ్చి దగ్గింది. నాలుగు నిమిషాలకు నవ్వడం మానేసింది. ఆరో నిమిషంలో డబ్బాను నోటి దగ్గరికి తీసుకుపోయి, చటుక్కున ఆగిపోయింది. వెల్లకిలా తేలుతూ ఆకాశం వైపు చూస్తూ ఉండిపోయింది.

"ఏందమ్మా? ఏమాయ? రా ఈడికి!" అని అరిచాను.

అది మెల్లగా మెట్ల దగ్గరికి వచ్చి, సగం నీళ్లలోనే కూర్చుంది.

"మామా, చేత్తో బిగించినాక ఏం చేస్తివి?"

"పావు చుట్టు తిప్పినా. ఎప్పుడూ చేసేదే కదా."

"నేనూ అంతే."

అర్థం కాలేదు. "నువ్వెప్పుడు?"

"ఆ పొద్దు. పరికరం నా దగ్గరే ఉండె మామా. కొన్న డబ్బాలోనే. నడుముకే ఉండె."

నాలుగు గంటల ఇరవై నిమిషాలు ఆ పరికరం పిల్ల నడుముకే ఉంది. ఆ మాట నా చెవిలో పడింది గానీ లోపలికి పోవడానికి సమయం పట్టింది. ఆ తర్వాత పిల్ల ఆగకుండా చెప్పింది. కొత్త డబ్బా, మొదటిసారి వాడడం. పడవ ఎక్కేముందు, సిలిండర్ల దగ్గర ఉండే రెంచి తీసుకొని, చిన్నప్పుడు సెలవుల్లో నా షాపులో కూర్చొని నేర్చుకున్న పద్ధతిలో, చేత్తో బిగించాక ఇంకో పావు చుట్టు తిప్పింది. పైన తేలాక తీయబోతే రాలేదు. ఉప్పునీళ్లకు వేళ్లు ముడతలు పడి జారాయి. పెద్దావిడ ప్రయత్నించింది. ఇద్దరూ చెరోవైపు పట్టుకొని తిప్పారు. రాలేదు.

"అందరికీ వస్తాది, నాకే రాలేదనుకుంటి. భయానికి నా చేతుల్లో బలం పోయిందనుకుంటి. ఇన్ని దినాలూ అదే అనుకుంటాండా. ఇప్పుడు ఈ బావిలో భయమేముంది మామా? అయినా రాల్యా."

నేను రెంచిని సంచిలో పెట్టబోయాను. సంచి నోరు దొరకలేదు.

"మా అమ్మకు చెప్పొద్దు," అంది.

ఇంటికి పోయేసరికి అక్క వాకిట్లోనే ఉంది. "నీళ్లు పోయినాయా?" అని అడిగింది.

"పోలేదు," అన్నాను. అది నిజమే. అక్క పెట్టిన షరతుకు సరిపోయింది. ఆమె, "సరే, అయితే పోనీలే," అని కూతురి వైపు తిరిగి, "తల తుడుచుకో," అంది. అంతే, అనుమతి వచ్చేసింది. ఇంకేమీ మాట్లాడకపోతే పిల్ల ఆ డబ్బా నడుముకు కట్టుకొని వెళ్లిపోతుంది. లేదా దీవికి పోయాక పడేసి, వేరేది కొనుక్కుంటుంది. ఏదైనా జరగొచ్చు. మేనకోడలు నన్నే చూస్తోంది. నా లెక్క తప్పని చెప్పడానికి నా ఇన్నేళ్లలో మొదటిసారి నేనే నోరు తెరిచాను.

"అక్కా, నీళ్లు పోలేదు గానీ, మూత కూడా రాలేదు," అన్నాను. తర్వాతిది పిల్లే చెప్పింది.

అంతా విన్నాక అక్క, కూతురి గడ్డం పట్టుకొని పైకి ఎత్తి, పై పెదవిని వేలితో జరిపి చూసింది. ముందు పన్ను మూల విరిగి ఉంది. పడవ నిచ్చెన తగిలిందని వచ్చిన రోజు చెప్పింది.

"ఇది?"

"మూత కొరికినా మా."

అక్క చేయి గడ్డం మీంచి జారిపోయింది. బావ అరుగు మీద కూర్చున్నవాడు లేచి, మళ్లీ కూర్చున్నాడు. అక్క నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. ఆమె గొంతు పెంచలేదు.

"రే, నీళ్లు పోకుండా చేయమంటి. తెరిచేందుకు రాకుండా చేయమంటినా?"

నంద్యాల పోయి షాపు తెరిచి, బెంచీ ముందు కూర్చున్నాను. డబ్బా మూతకు తాడు చుట్టి, బరువు తూచే కొక్కెం తక్కెడ తగిలించి లాగి చూశాను. చేత్తో మాత్రమే బిగిస్తే, ఆరు కిలోల దగ్గర మూత కదిలింది. రెంచితో పావు చుట్టు తిప్పితే ముప్పై ఒకటి. ఆ తర్వాత నా చేతులు తడిపి, సబ్బు రాసుకొని, నా బలమెంతో చూసుకున్నాను. తొమ్మిది. ముప్పై ఏళ్లు రెంచి పట్టిన చేతులివి. నేనైనా ఆ సముద్రంలో ఆ మూత తీయలేను. తొమ్మిదికీ ముప్పై ఒకటికీ మధ్య దూరంలో ఇద్దరు ఆడమనుషులు ఎనిమిది కిలోమీటర్లు కొట్టుకుపోయారు.

దానికంటే ఎక్కువ నన్ను కూర్చోబెట్టేసింది ఇంకొకటి. ఆ పావు చుట్టు అవసరమే లేదు. పైపు మరకు టేపు చుట్టి బిగించేటప్పుడు అది కావాలి. అక్కడ మర మీదే నీళ్లు ఆగుతాయి. రబ్బరు రింగుకు అలా కాదు. మూత డబ్బా అంచుకు ఆనుకునేసరికే గాడిలోని రింగు ఎంత నలగాలో అంత నలుగుతుంది. ఆ తర్వాత నీళ్ల ఒత్తిడే దాన్ని ఇంకా గట్టిగా అదుముతుంది. ఎంత లోతుకు పోతే అంత. బయటి రెంచి చేసేదేమీ లేదు. చేత్తో బిగించి మళ్లీ బోరులో ఎనభై మీటర్లకు దించి చూశాను. ఉప్పు పొడిగానే ఉంది. కావాలని వేళ్లతో మాత్రమే, వదులుగా అనిపించేట్టు బిగించి ఇంకోసారి దించాను. అప్పుడూ పొడిగానే ఉంది. తడిసి ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను. అప్పుడు నా పద్ధతికి ఒక కారణమైనా ఉండేది.

పన్నెండు రోజులు పట్టింది రెండోది చేయడానికి. ముతక మర, ఒకటిన్నర చుట్టుకే ఊడి వచ్చేట్టు. మూతకు రెండు వైపులా చెవులు పెట్టించాను, చెయ్యి మూసే ఉన్నా మణికట్టుతో నెట్టి తిప్పొచ్చు. రింగుకు పల్చగా గ్రీసు. మూత పారిపోకుండా డబ్బాకు తాడు. దీనికి రెంచి తగిలించే చోటే లేకుండా చెవుల పక్కన గుండ్రంగా నునుపు చేయించాను. లేతు ఆయన, "ఇది బిగించేదెట్లప్పా?" అని అడిగాడు. "బిగించేది ల్యా," అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

ఈసారి బావికి నలుగురం పోయాం. అక్క మెట్ల మీద కూర్చొని లెక్క తానే పెడతానంది. నా వాచీ తీసుకోలేదు. నోటితో ఒకటి, రెండు, మూడు అంటూ పోయింది. మొదటిసారి పదకొండు దగ్గర మూత వచ్చింది. "ఇంకోసారి," అంది. తొమ్మిది. "కండ్లు మూసుకోని." పద్నాలుగు. "ఒక్క చేత్తో." ఇరవై రెండు. "అలసిపోయినాక రావల్ల. ఈది రా," అని బావి చుట్టూ పదిసార్లు తిప్పించింది. పిల్ల రొప్పుతూ మధ్యకు వచ్చి తీసింది. పదిహేను.

"చాలు లేమ్మా," అన్నాడు బావ.

"నువ్వుండు."

ఆమె లేచింది. కొంగు నడుముకు బిగించి, ఒక్కో మెట్టూ దిగి, గొంతు మునిగేదాకా పోయింది. పైనుంచి మేమిద్దరమూ, నీళ్లలోంచి పిల్లా బిత్తరపోయి చూస్తున్నాం. కీళ్లనొప్పులతో పొద్దున్నే జొన్నరొట్టె తట్టడానికే వేళ్లు వంగని మనిషి. "ఇట్లా తా," అని చేయి చాపింది. మేనకోడలు డబ్బా ఇచ్చింది. ఈసారి లోపల అసలు పరికరమే ఉంది.

అక్క రెండు చేతులూ మణికట్ల దాకా నీళ్లలో నానబెట్టింది. కళ్లు మూసుకుంది. డబ్బాను ఒక మోచేత్తో రొమ్ముకు అదిమి, మూత చెవికి రెండో అరచేతి అడుగు ఆనించి నెట్టింది. జారింది. మళ్లీ నెట్టింది. లెక్క పెట్టడం ఎవరికీ గుర్తు లేదు. మూత కదిలి, ఊడి, తాడుకు వేలాడింది.

"అమ్మా, ఎర్ర బటన్ ముట్టుకోవద్దు! యాడున్నోళ్లంతా నిన్ను వెతుక్కుంటా వస్తారు!" అని అరిచింది పిల్ల.

అక్క కళ్లు తెరిచి, పరికరాన్ని రెండు వేళ్లతో పైకి తీసి, అటూ ఇటూ చూసింది. దాన్ని లోపల పెట్టి, మూత ఆనేదాకా మాత్రమే తిప్పి, కూతురి చేతికి ఇచ్చింది. ఎప్పటి గొంతుతోనే అడిగింది:

"నీ బండి ఎన్ని గంటలకు?"